బెంగళూరు వదిలి హైదరాబాద్ వస్తే నిజంగా నాలుగు డబ్బులు మిగులుతాయా?

సూర్యాపేట_బిడ్డ | జనవరి 11, రాత్రి 9:42

అందరికీ నమస్తే. మాది సూర్యాపేట. పదకొండేళ్లుగా బెంగళూరులో, మారతహళ్లి దగ్గర ఉంటున్నాం. నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. కోతలన్నీ పోను నెలకి 96 వేలు చేతికొస్తుంది. ఇంటద్దె 36 వేలు, మెయింటెనెన్స్ 4 వేలు. ఇద్దరు పిల్లల ఫీజులు, స్కూలు వ్యాను, కిరాణా, ఊళ్లో అమ్మానాన్నల మందులు అన్నీ పోయాక నెలాఖరుకి 9 వేలు మిగిలితే ఎక్కువ. పదకొండేళ్లలో సొంతానికి ఒక్క గజం స్థలం కొనలేదు.

మా కంపెనీకి హైదరాబాద్ రాయదుర్గంలో కూడా ఆఫీసు ఉంది. అడిగితే ఇదే జీతానికి అక్కడికి పంపిస్తామన్నారు. పాప ఏడో తరగతి, బాబు మూడు.

డబ్బు ఒక్కటే కారణం కాదు. కిందటేడు నాన్నకి అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చింది. ఫోను వచ్చిన దగ్గర్నుంచి నేను ఆయన మంచం పక్కకి చేరేదాకా 14 గంటలు పట్టింది. దేవుడి దయవల్ల స్టెంట్ వేసి బతికించారు. ఆ 14 గంటలు నేను మర్చిపోలేకపోతున్నాను.

కానీ ఇక్కడ స్నేహితులంతా 'హైదరాబాద్ ఇప్పుడు చవక కాదు, నువ్వు పదేళ్ల కిందటి మాట చెబుతున్నావు' అంటున్నారు. నిజంగా మారినవాళ్లు మీ లెక్కలు చెప్పండి. టెన్షన్‌గా ఉంది.

కొండాపూర్_వాసి | జనవరి 11, రాత్రి 10:15

మీ స్నేహితులు చెప్పింది సగం నిజం అన్నా. నేను 2022లో బెల్లందూరు నుంచి వచ్చాను. ఆఫీసుకి దగ్గరని కొండాపూర్‌లో గేటెడ్ కమ్యూనిటీలో మూడు గదుల ఫ్లాట్ తీసుకున్నాను. అద్దె 52 వేలు, మెయింటెనెన్స్ వేరు. అక్కడికంటే ఒక్క రూపాయి తగ్గలేదు. కోకాపేట వైపు అసలు చూడకండి. 2023 ఆగస్టు వేలంలో అక్కడ ఎకరం 100 కోట్లు దాటింది. ఆ భూమి మీద కట్టిన ఇళ్లలో చవక ఎక్కడ దొరుకుతుంది?

మిగిలింది అడ్వాన్సులోనే. బెంగళూరులో మూడు లక్షలు కట్టించుకున్నారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకున్నారు. ఇక్కడ రెండు నెలల అద్దె ఇచ్చి దిగాను.

నాగోల్_నానీ | జనవరి 11, రాత్రి 10:50

సూర్యాపేట అన్నా, మీరు పడమటి వైపు ఎందుకు చూడాలి? మీ ఊరి దారి ఎల్బీనగర్ మీదుగా పోతుంది. మీ ఆఫీసు రాయదుర్గం. ఈ రెంటినీ కలిపే ఊరు నాగోల్.

మెట్రో బ్లూ లైన్ నాగోల్‌లో మొదలై రాయదుర్గంలో ఆగిపోతుంది. మొదటి స్టేషన్ కాబట్టి ఉదయం మీకు సీటు దొరుకుతుంది. ఉప్పల్, తార్నాక, సికింద్రాబాద్, అమీర్‌పేట మీదుగా దాదాపు గంట. నేను నాలుగేళ్లుగా అలాగే వెళ్తున్నాను. వచ్చేటప్పుడు కూడా రాయదుర్గంలోనే ఎక్కుతాను, అప్పుడూ సీటే. వానొచ్చినా, బయోడైవర్సిటీ చౌరస్తా దగ్గర బళ్లు గంటసేపు కదలకపోయినా నాకు పట్టదు.

రెండు గదుల ఇల్లు, పోర్షన్ అయినా ఫ్లాట్ అయినా 15 నుంచి 20 వేల మధ్య దొరుకుతుంది. కొత్త లిఫ్టు బిల్డింగులైతే కొంచెం ఎక్కువ. ఆదివారం పొద్దున్నే టూవీలర్ మీద వీధులు తిరగండి, గేట్లకి టు-లెట్ బోర్డులు వేలాడుతుంటాయి. బ్రోకర్ అక్కర్లేదు. మా ఇల్లు నాకు అలాగే దొరికింది.

కొండాపూర్_వాసి | జనవరి 11, రాత్రి 11:08

నానీ, రోజూ రెండున్నర గంటలు దారిలోనే పోతే దాని ఖరీదు లెక్కెయ్యవా? ఇంటి దగ్గర్నుంచి స్టేషన్‌కి, అక్కడ దిగాక ఆఫీసుకి షేర్ ఆటోనో షటిల్ బస్సో వెతుక్కోవాలి. నేను ఆఫీసు నుంచి పావుగంటలో ఇంటికొచ్చి మా బాబుతో హోంవర్క్ చేయిస్తాను. 52 వేల అద్దె నాకు అందుకే సమ్మతం.

నాగోల్_నానీ | జనవరి 11, రాత్రి 11:20

ఒప్పుకుంటాను. చిన్న పిల్లలుండి, ఇద్దరి జీతాలూ బాగుంటే మీరన్నదే మేలు. కానీ సూర్యాపేట అన్నది ఒక్క జీతం. అదీగాక మారతహళ్లిలో ఉన్నా ఆ రింగ్ రోడ్డు మీద ఇంతే టైము పోతోంది కదా. అక్కడ వైట్‌ఫీల్డ్ దాకా మెట్రో పర్పుల్ లైన్ 2023లో పూర్తయినా రింగ్ రోడ్డు లైను ఇంకా కడుతూనే ఉన్నారు. అదే టైము సీట్లో కూర్చుని పోవడానికీ, క్లచ్ తొక్కుతూ పోవడానికీ తేడా ఉంది.

భీవండి_మనవడు | జనవరి 12, ఉదయం 7:05

నాది సాఫ్ట్‌వేర్ కాదు, కుట్టు పని. అయినా నా సంగతి చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది.

మా తాత కరీంనగర్ దిక్కు నుంచి భీవండి పోయిండు, మరమగ్గాల మీద పనికి. నాన్న అక్కడే పుట్టిండు, నేనూ అక్కడే. పెళ్లయినంక కల్యాణ్‌లో వన్ రూమ్ కిచెన్ తీసుకున్న. నలుగురం ఒక్క గదిలో. పిల్లలు చదువుకునేటప్పుడు టీవీ బంద్, మాటలు బంద్. లోయర్ పరేల్‌లో కటింగ్ మాస్టర్‌గా చేసేవాడిని. పోవడానికి గంటన్నర, రావడానికి గంటన్నర, రెండు పూటలా నిలబడే.

2021లో బోడుప్పల్ వచ్చినం. 13 వేలకి రెండు బెడ్‌రూముల ఇల్లు. మొదటి రాత్రి నా బిడ్డ ఒక గదిలోకి పోయి తలుపేసుకుని, 'ఇది నాదేనా' అని లోపలి నుంచి అడిగింది. నాకు గొంతు పూడుకుపోయింది.

అసలు లాభం ఇల్లు కాదు, మడిగ. ముంబయిలో ఒక చిన్న గాలా (పని చేసుకునే షెడ్డు) అద్దెకు తీసుకుని సొంతంగా కుట్టు పని పెట్టాలంటే నా బతుకంతా కూడబెట్టినా సాలదు. ఇక్కడ 11 వేలకి మెయిన్ రోడ్డుకి రెండో గల్లీలో షట్టర్ దొరికింది. నాలుగు మిషన్లు పెట్టి స్కూలు యూనిఫారాలు కుడుతున్న. మే నెల వచ్చిందంటే రాత్రి పదింటిదాకా పనే. ఇప్పుడు నాతో పాటు ఐదుగురు బతుకుతున్నరు. చవక ఊరంటే నెలకింత మిగలడం ఒక్కటే కాదు. జీతగాడిగా ఉన్నోడు సొంత పని పెట్టుకునే ధైర్యం అక్కడ దొరకాలె.

పోయిందీ చెప్పాలె. ముంబయి లోకల్ లాంటి బండి ఇక్కడ లేదు. అక్కడ 12, 15 పెట్టెలు, ఇక్కడ మెట్రోకి 3 పెట్టెలు. ఎంఎంటీఎస్ రైలు 2003 నుంచి ఉన్నా అన్ని దిక్కులా పోదు, రోజంతా ఎప్పుడంటే అప్పుడు దొరకదు. టూవీలర్ లేకుంటే ఇక్కడ కాళ్లు లేనట్టే. వచ్చిన మొదటి నెలలోనే పాత బండి ఒకటి కొన్న. ఆ ఖర్చు లెక్కలో రాసుకోండి.

ఉత్తరాంధ్ర_పిల్ల | జనవరి 12, ఉదయం 8:30

భీవండి అన్నా, మీ పాప మాట చదివి కళ్లలో నీళ్లొచ్చాయి.

నేను శ్రీకాకుళం నుంచి వచ్చాను. బెంగళూరులో ఉద్యోగం వచ్చినా వదులుకుని హైదరాబాద్‌ది తీసుకున్నాను. ఎస్సార్ నగర్ హాస్టల్లో మూడు పూటలా తిండితో కలిపి 7,500. గదిలో ముగ్గురం. కూర ఎలా ఉన్నా చారు, పెరుగు, ఆవకాయ ఉంటాయి. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు వార్డెన్‌తో తెలుగులో మాట్లాడి, ధైర్యంగా రైలెక్కి వెళ్లిపోయింది. భాష రాని ఊళ్లో అయితే ఆవిడ నన్ను వదిలి వెళ్లేది కాదు.

లెక్కల_మాస్టారు | జనవరి 12, మధ్యాహ్నం 1:12

సూర్యాపేట బాబూ, అందరూ అద్దెల గురించే మాట్లాడుతున్నారు. నేను ఇంటర్ పిల్లలకి ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. మీ పాప ఏడో తరగతి అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీరు ముందు ఆలోచించాల్సింది అది.

వృత్తివిద్యా సీట్లలో 85 శాతం స్థానికులకే. తెలంగాణలో స్థానికత రావాలంటే అర్హత పరీక్షతో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలి. అంటే 9, 10, ఇంటర్ రెండేళ్లు. మెడికల్ సీట్లకి దీని మీద 2024లో ప్రభుత్వం జీవో 33 ఇచ్చింది. తల్లిదండ్రులది ఇక్కడే అయినా పిల్లలు బయట చదివితే ఎలా అని ఎందరో కోర్టుకి వెళ్లారు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ప్రభుత్వ నిబంధననే సమర్థించింది. మీరు సూర్యాపేటలో పుట్టారన్నది పాప సీటుకి అక్కరకు రాదు. ఆమె ఏ బళ్లో కూర్చుందన్నదే చూస్తారు.

మా అక్క కొడుకు పుణెలో పది, ఇంటర్ చదివాడు. మంచి ర్యాంకు వచ్చినా స్థానికేతరుడే అయ్యాడు. చివరికి అప్పు చేసి ప్రైవేటు కాలేజీలో చేర్చారు. ఆ అప్పు ముందు పదేళ్ల అద్దె మిగులు ఏ మూలకి?

ఈ వేసవిలో వస్తే పాప ఎనిమిదో తరగతిలో కుదురుకుని తొమ్మిదిలోకి వెళ్తుంది. వచ్చే వేసవే ఆఖరి గడువు. అది దాటనివ్వకండి.

సూర్యాపేట_బిడ్డ | జనవరి 12, మధ్యాహ్నం 2:40

మాస్టారూ, చేతులెత్తి దండం పెడుతున్నాను. నాకీ సంగతి అసలు తెలియదు. మాది తెలంగాణే కదా, పాప కూడా లోకలే అనుకుంటూ ఉన్నాను. ఇప్పుడే మా ఆవిడకి చదివి వినిపించాను.

అనంత_సీమ | జనవరి 12, సాయంత్రం 6:20

నేను వేరే మాట చెప్పాలి. మాది అనంతపురం. మాకు బెంగళూరే దగ్గర, హైదరాబాద్ దానికి ఒకటిన్నర రెట్లకి పైనే దూరం. మా ఊరి నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం అన్నానికి బెంగళూరులో ఉంటాం. కాబట్టి తెలుగువాళ్లంతా హైదరాబాద్‌కే రావాలన్నట్టు మాట్లాడొద్దు. పుట్టిల్లు ఎటుంటే అటే ఊరు.

ఇంకోటి. కర్ణాటకలో గృహజ్యోతి కింద అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి కూడా 200 యూనిట్ల లోపు కరెంటు బిల్లు సున్నా వస్తోంది. తెలంగాణలో ఆ పథకం తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకే. మీకు అక్కడ బిల్లు వస్తుంది. ఎండ సంగతి చెప్పక్కర్లేదు. బెంగళూరులో మే నెలలో కూడా ఫ్యానుతో పడుకుంటాం. మీరు ఏసీ కొనాలి.

అయితే మాస్టారు చెప్పింది మాకూ వర్తిస్తుంది. విభజన చట్టం ప్రకారం ఉన్న పదేళ్ల ఉమ్మడి ప్రవేశాలు 2024 జూన్ 2తో ముగిశాయి. మా అబ్బాయిని తొమ్మిదికి అనంతపురం పంపాలా అని మేమూ తర్జనభర్జన పడుతున్నాం.

సూర్యాపేట_బిడ్డ | జనవరి 12, రాత్రి 9:05

సీమ అన్నా, కరెంటు సంగతి నిజమే. మాకు ఇక్కడ సున్నా బిల్లే. రాసుకున్నాను.

ఇంకో విషయం అడగాలి. మా ఆవిడ ఎం.ఏ. తెలుగు, బీఈడీ చేసింది. పెళ్లయి ఇక్కడికొచ్చాక ఆ చదువుకి పనే లేదు. చుట్టుపక్కల పిల్లలకి ట్యూషన్లు చెబుతుంది, అంతే. హైదరాబాద్‌లో అవకాశం ఉంటుందా? నలభై దగ్గర పడింది.

తెలుగు_పంతులమ్మ | జనవరి 13, ఉదయం 6:15

తమ్ముడూ, ఆ అమ్మాయిని నా దగ్గరికి పంపు!

2018లో తెలంగాణ చేసిన చట్టంతో సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడులు కూడా తెలుగు చెప్పాల్సిందే. ఇతర రాష్ట్రాల పిల్లలకి కష్టమవుతోందని ఇప్పుడు తొమ్మిది, పది తరగతులకి 'వెన్నెల' అనే తేలిక వాచకం కూడా పెట్టారు. హిందీ, తమిళం, ఒరియా ఇంట్లో మాట్లాడే పిల్లలకి అక్షరాల దగ్గర్నుంచి ఓపికగా చెప్పేవాళ్లు కావాలి. మా బళ్లో నేను చూస్తున్నాను, మంచి తెలుగు టీచరు దొరకడం లేదు. పరాయి ఊళ్లో పదకొండేళ్లు ఉండి, చుట్టూ ఉన్న పిల్లలకి వాళ్ల వాళ్ల భాషల మధ్య చదువు చెప్పిన మనిషి మాకు బంగారం. వయసు అడ్డం కాదు. మార్చి, ఏప్రిల్‌లలోనే దరఖాస్తులు పెట్టించు, జూన్ దాకా ఆగితే ఖాళీలు నిండిపోతాయి. కొత్తగా చేరితే 20 వేలకి అటూఇటూ ఇస్తారు. పిల్లలకి అదే బళ్లో ఫీజు రాయితీ ఉంటుందేమో తప్పకుండా అడగమను.

మీ పాపకి కన్నడం చదవడం వచ్చుగా? ఇక తెలుగు గురించి బెంగ వద్దు. రెండు లిపులూ అక్కచెల్లెళ్లు. నిరుడు హుబ్లీ నుంచి వచ్చిన పిల్లవాడు ఒకడు తలకట్టు తేడా పట్టుకున్నాడంతే, మూడు వారాల్లో పాఠం చదివేశాడు.

సూర్యాపేట_బిడ్డ | జనవరి 13, ఉదయం 6:50

అక్కా, మా ఆవిడ ఇది చదివి వంటగదిలోకి వెళ్లిపోయింది. ఏమైందని వెళ్లి చూస్తే ఏడుస్తోంది. సంతోషంతోనే.

మెట్ల_కింద_గది | జనవరి 13, మధ్యాహ్నం 12:30

అన్నీ మంచి మాటలే వస్తున్నాయి కాబట్టి ఒక చేదు మాట కూడా చెప్పాలి. ఇల్లు చూడ్డానికి వెళ్తే చాలాచోట్ల అద్దె చెప్పే ముందే 'మీరేమిట్లు?' అని అడుగుతారు. మేము దళితులం. ఉప్పల్ వైపు ఒక ఇంట్లో అంతా మాట్లాడుకున్నాక, కులం చెప్పగానే 'మా అబ్బాయి వస్తున్నాడు, ఇవ్వడం లేదు' అన్నారు. అలా మూడుసార్లు. నాలుగో ఇంట్లో ఒక రిటైర్డ్ నర్సమ్మ ఉన్నారు. ఆవిడ అడిగింది ఒక్కటే, 'నీళ్ల మోటారు టైముకి ఆపుతారా?' అని. ఆరేళ్లుగా ఆవిడ ఇంట్లోనే ఉన్నాం.

మన భాష మాట్లాడే ఊరు కాబట్టి మన వాళ్లే ఉంటారనుకుని వస్తాం. అందరికీ ఆ ఊరు ఒకేలా తెరుచుకోదు. అయినా మా పిల్లల చదువుకి ఇదే మేలని ఉన్నాం.

భీవండి_మనవడు | జనవరి 13, మధ్యాహ్నం 12:55

అన్నా, చదువుతుంటే సిగ్గయితుంది. మా వీధిలో ఇల్లు ఖాళీ అయితే ఇక నుంచి ముందు ఇక్కడ రాస్త. ఎవరికైనా సరే.

బోరుబావి | జనవరి 13, రాత్రి 8:10

నీళ్ల గురించి ఎవరూ చెప్పలేదు. బెంగళూరులో 2024 వేసవి చూశారు కదా, బోర్లు ఎండి స్నానానికి బకెట్లు లెక్కపెట్టుకున్నాం. హైదరాబాద్‌కి కృష్ణ నాగార్జునసాగర్ నుంచి, గోదావరి ఎల్లంపల్లి నుంచి పైపుల్లో వస్తాయి. మంజీర, గండిపేట, హిమాయత్‌సాగర్ వేరే. జలమండలి నల్లా ఉండి, మీటరు పనిచేస్తూ, ఆధార్ లింక్ అయి ఉంటే నెలకి ఇంటికి 20 వేల లీటర్లు ఉచితం.

కానీ ఇది నల్లా ఉన్న ఇంటికే. కొత్త కాలనీల్లో, అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల ఇప్పటికీ బోరు, లేకపోతే ట్యాంకరే. ఇల్లు చూసేటప్పుడు ఓనరు మాట వినొద్దు. పక్కింటి వాళ్లని, వాచ్‌మన్‌ని అడగండి: 'ఏప్రిల్‌లో ట్యాంకర్ వస్తుందా? ఎన్ని రోజులకోసారి? డబ్బు ఎవరు కడతారు?' నల్లా రోజు విడిచి రోజు వస్తుందా, సంపు ఎన్ని లీటర్లది, అదీ చూడండి. అద్దె రెండు వేలు తక్కువని దిగి, ట్యాంకర్లకి మూడు వేలు పోసినవాళ్లం మేము.

లింక్_డాక్యుమెంట్ | జనవరి 13, రాత్రి 10:02

వచ్చిన మొదటి ఏడాది ఏమీ కొనకండి. ఇది అన్నగా చెబుతున్నాను. పదకొండేళ్లు కొనలేకపోయానన్న ఆత్రంలో మనిషి తప్పు చేస్తాడు. నేను చేశాను. ప్రీలాంచ్ ఆఫర్ (అనుమతులకి ముందే అమ్మకం) అని, చదరపు అడుగు సగం ధరకే అని 14 లక్షలు కట్టాను. అనుమతులు రాలేదు, డబ్బు రాలేదు, నాలుగేళ్లయింది. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకానికి పెట్టడమే నేరమని అప్పుడు నాకు తెలియదు.

కొనేటప్పుడు: రెరా నంబరు వెబ్‌సైట్‌లో మీరే చూడండి. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల పత్రాలు) సొంత లాయరుకి చూపించండి, బిల్డరు ఇచ్చిన లాయరుకి కాదు. చుట్టుపక్కల చెరువుంటే ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ మ్యాపు (చెరువు నీళ్లు నిండే హద్దు, దాని చుట్టూ కట్టకూడని జాగా) తప్పనిసరి. 2024లో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక చెరువుల్లో కట్టినవి కూల్చారు, అప్పు చేసి కొన్నవాళ్లు రోడ్డు మీద నిలబడ్డారు. రిజిస్ట్రేషన్‌కి అన్నీ కలిపి విలువలో ఏడున్నర శాతం పక్కన పెట్టుకోండి. బ్యాంకు లోనులో అది రాదు.

విశాఖ_తీరం | జనవరి 14, ఉదయం 9:00

భోగి శుభాకాంక్షలు అందరికీ. విశాఖని కూడా లెక్కలోకి తీసుకోండి అంటాను నేను. సముద్రం ఉంది, ట్రాఫిక్ తక్కువ. 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చింది, ఐటీ కంపెనీలు వస్తున్నాయి. సూర్యాపేట ఆయనకి దూరమే, ఒప్పుకుంటాను. కానీ ఇది చదివే మిగతావాళ్లకి.

ఒక్క జాగ్రత్త. ఈ ఉద్యోగం పోతే ఇంకోటి అదే ఊళ్లో దొరకాలి కదా. ఆ బలం ఇంకా హైదరాబాద్‌దే.

సూర్యాపేట_బిడ్డ | జనవరి 18, రాత్రి 9:30

సంక్రాంతికి ఊరెళ్లి నిన్ననే వచ్చాం. నాన్నతో చెప్పాను. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. 'ఎల్బీనగర్ దాకా బస్సుకి ఎంత?' అని అడిగి ఊరుకున్నారు. మారుతున్నాం. మేనేజర్‌కి మెయిల్ పెట్టేశాను.

నాగోల్_నానీ | జనవరి 18, రాత్రి 9:34

వచ్చేయండి అన్నా. వీధులు నేను తిప్పుతా.

కేఏ_బండి | జనవరి 20, మధ్యాహ్నం 3:15

కారు ఉంటే కర్ణాటక ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం, ఎన్‌ఓసీ ముందే తెచ్చుకోండి. ఏడాదికి మించి ఇక్కడ నడిపితే నంబరు మార్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, అక్కడ మిగిలిన దానికి రీఫండ్ పెట్టుకోవాలి. నాకు రీఫండ్ రావడానికి తొమ్మిది నెలలు పట్టింది, రెండుసార్లు తిరిగాను. పాత బండైతే అక్కడే అమ్మేసి రావడం మేలు. లైసెన్సు మార్చక్కర్లేదు, దేశమంతా చెల్లుతుంది.

సూర్యాపేట_బిడ్డ | జూన్ 28, రాత్రి 8:45

చాలా రోజులకి వచ్చాను. అందరికీ లెక్క చెప్పాల్సిన బాధ్యత నాకుంది.

ఏప్రిల్ ఆఖరున నాగోల్‌లో దిగాం. మూడు ఆదివారాలు నానీ వాళ్ల బండి మీద తిరిగితే దొరికింది. రెండు గదులు, హాలు, వెనక చిన్న పెరడు. అద్దె 18 వేలు, నీళ్లకీ ఊడ్పుకీ కలిపి పదిహేను వందలు. అడ్వాన్స్ 36 వేలు. బెంగళూరు ఓనరు రెండున్నర లక్షల్లో పెయింటింగ్ అని 36 వేలు పట్టుకుని మిగతాది ఇచ్చాడు. సామాను లారీకి 31 వేలైంది.

ఇంటి మీద నెలకి 20,500 తగ్గింది. అందులోంచి పోయేవి: మెట్రో, స్టేషన్ దాకా ఆటో కలిపి నెలకి నాలుగు వేలు దాటుతోంది. కరెంటు మే నెలలో 310 యూనిట్లు కాలింది, బిల్లు రెండు వేలు దాటింది. సీమ అన్న చెప్పినట్టే కూలర్ చాలక ఏసీ కొన్నాం. కూరగాయలు సరూర్‌నగర్ రైతుబజార్‌లో ఆదివారం వారానికి సరిపడా తెచ్చుకుంటే తగ్గుతోంది. కానీ మే నెలంతా ఎండకి బద్ధకించి వీధిలో బండి మీదే కొన్నాం, అక్కడ ధర బెంగళూరంతే.

మా ఆవిడకి ఉద్యోగం వచ్చింది! ఈ నెల 12న బళ్లో చేరింది. 21 వేలు. పిల్లలిద్దరూ అదే బడి, ఫీజులో కొంత తగ్గించారు. మొదటి రోజు తొమ్మిదో తరగతికి పద్యం చెప్పి వచ్చి, రాత్రి అన్నం తింటూ మళ్లీ మాకందరికీ అదే పద్యం చెప్పింది. పదకొండేళ్లలో తనని అలా చూడలేదు నేను. అక్కా, మీకు మేమిద్దరం రుణపడి ఉంటాం.

అన్నీ బాగున్నాయని చెప్పను. పాపకి స్నేహితులు లేక మొదటి నెల రోజూ బెంగళూరు పిల్లలతో వీడియో కాల్‌లోనే ఉండేది. ఒకరోజు గట్టిగా ఏడ్చింది, 'మీ ఊరికి మీరొచ్చారు, నా ఊరి నుంచి నన్ను తీసుకొచ్చారు' అని. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు పక్కింటి అమ్మాయితో కలిసి సైకిల్ మీద తిరుగుతోంది. మా కాలనీలో వాన పడితే మోకాలి లోతు నీళ్లు నిలుస్తున్నాయి. అమీర్‌పేట దగ్గర మెట్రోలోకి జనం తోసుకొస్తే ఊపిరాడదు, సీట్లో ఉన్నా సరే.

నాన్నకి చెకప్ ఈ నెల రెండుసార్లు పడింది. రెండుసార్లూ నేనే వెంట ఉన్నాను. పొద్దున ఆరింటికి ఆయన సూర్యాపేటలో బస్సెక్కుతారు, తొమ్మిది లోపు ఎల్బీనగర్‌లో దిగుతారు. నేను బండి మీద వెళ్లి తెచ్చుకుంటాను. సాయంత్రం మళ్లీ బస్సెక్కిస్తాను. ఉండమంటే ఉండరు, గేదె ఉంది అంటారు.

లెక్కల_మాస్టారు | జూన్ 28, రాత్రి 9:20

సంతోషం బాబూ. పాప బదిలీ సర్టిఫికెట్టు, ఈ ఏడాది నుంచి ప్రతి తరగతి బోనఫైడ్ ఒక ఫైలులో పెట్టి ఉంచండి. ఐదేళ్ల తర్వాత కౌన్సెలింగ్ రోజున వాటి కోసం పరుగెత్తకూడదు.

కొండాపూర్_వాసి | జూన్ 28, రాత్రి 9:41

అన్నా, మీ పోస్టు మా ఆవిడ కూడా చదివింది. నా అగ్రిమెంటు సెప్టెంబరులో అయిపోతుంది. తార్నాక, హబ్సిగూడ వైపు మంచి బడులున్నాయా? ఆఫీసుకి మెట్రోలో నలభై ఐదు నిమిషాలైతే నేనూ ఆలోచిస్తాను.

నాగోల్_నానీ | జూన్ 28, రాత్రి 9:50

తార్నాకలో అద్దెలు నాగోల్ కంటే ఎక్కువ, కానీ కొండాపూర్‌లో సగం. పాత ఇళ్లు, నల్లా నీళ్లు, చెట్లు. సీటు మాత్రం ఉదయం ఎనిమిది తర్వాత దొరకదు. ఆదివారం ఏడింటికి రండి, ఎండ ఎక్కకముందే తిరుగుదాం. సూర్యాపేట అన్న కూడా వస్తాడు.

సూర్యాపేట_బిడ్డ | జూన్ 28, రాత్రి 9:58

ఈ ఆదివారం కుదరదు, నాన్న వస్తున్నారు. ఈసారి రెండు రోజులు ఉంటానన్నారు, గేదెని పక్కింటి వాళ్లకి అప్పజెప్పారట. పై ఆదివారం పెట్టుకుందామా?